20 కిలోమీటర్ల సన్నటి ట్రాక్ మీద ఆన్‌లైన్ రేసు: నార్డ్‌ష్లైఫ వర్కవుట్ అవుతుందా?

గేర్‌లివర్:

మా ఆన్‌లైన్ సిమ్ రేసింగ్ (కంప్యూటర్‌లో నడిపే కారు రేసుల) లీగ్‌లో వచ్చే సీజన్‌కి క్యాలెండర్ వేస్తున్నాం. 20-22 మంది డ్రైవర్లు, జీటీ3 కార్లు (రోడ్డు స్పోర్ట్స్ కార్ల నుంచి తయారుచేసే రేసు కార్లు), ప్రతి రౌండూ గంట రేసు, దానికి ముందు 20 నిమిషాల క్వాలిఫయింగ్ (స్టార్ట్‌లో ఎవరు ఎక్కడ నిలబడాలో తేల్చే సెషన్). చివరి రౌండ్‌కి జర్మనీలోని నూర్బర్గ్‌రింగ్ నార్డ్‌ష్లైఫ పెట్టాల్సిందేనని సగం మంది పట్టుబట్టారు. మిగతా సగం మాత్రం అది ఒక్కడే కూర్చుని ల్యాప్ టైమ్ కొట్టుకోవడానికి బ్రహ్మాండమైన ట్రాకే గానీ ఆన్‌లైన్ రేసుకి పనికిరాదు అంటున్నారు.

వాళ్లు చెప్పే కారణాలు కొట్టిపారేసేవి కావు. 20.832 కిలోమీటర్లు, పక్కనే ఉన్న జీపీ ట్రాక్ (నూర్బర్గ్‌రింగ్‌లోని కొత్త, వెడల్పాటి సర్క్యూట్) కూడా కలుపుకుంటే 25.378. వెడల్పు చాలా చోట్ల 8, 9 మీటర్లే. రెండు పక్కలా కాస్త గడ్డి, ఆ వెంటనే ఇనప రైలింగ్. ఎవడైనా మధ్యలో అడ్డం తిరిగితే వెనకొచ్చేవాడికి తప్పుకునే దారే ఉండదు.

నాకైతే పెట్టాలనే ఉంది. కానీ ఛాంపియన్‌షిప్ తేలేది ఆ రౌండ్‌లోనే. మొదటి ల్యాప్‌లో పది మంది గ్యారేజీలో కూర్చుంటే ఆ గొడవంతా నా నెత్తిమీదికొస్తుంది. లీగ్ నడిపినవాళ్లు, అక్కడ రెగ్యులర్‌గా రేస్ చేసేవాళ్లు ఉంటే చెప్పండి. అసలు సమస్య పొడవా, ఇరుకా, లేక మేమే అనవసరంగా బెదురుతున్నామా?

ఎండ్యూరెన్స్‌పిచ్చి:

బెదరాల్సిన ట్రాకే, అందులో అనవసరం ఏమీ లేదు. కాకపోతే పొడవునీ ఇరుకునీ ఒకే గాటన కట్టొద్దు. పొడవు వల్ల వచ్చే చిక్కులు వేరు, ఇరుకు వల్ల వచ్చేవి వేరు, వాటికి విరుగుళ్లు కూడా వేరే.

ముందు పొడవు సంగతి. జీటీ3 కారుతో మొత్తం లేఅవుట్ ఒక ల్యాప్ 8 నిమిషాల పైచిలుకు. అంటే మీ గంట రేసులో ఏడు ల్యాపులు. మామూలు ట్రాక్ మీద నిమిషంన్నర ల్యాప్‌లో ఇద్దరికీ అర సెకను తేడా ఉందనుకోండి, అదే నిష్పత్తిలో ఇక్కడ దాదాపు 3 సెకన్లు అవుతుంది. రెండో ల్యాప్ అయ్యేసరికే ముందున్నవాడు చెట్ల చాటుకి వెళ్లిపోతాడు. మీ లీగ్‌లో పేస్ తేడాలు ఎక్కువుంటే సగం మంది గంటసేపు ఎవరి మొహమూ చూడకుండా నడుపుతారు. కొందరికి అదే ఇష్టం, నాకూ ఇష్టమే, కానీ పక్కపక్కన కొట్టుకోవాలని వచ్చినవాడికి బోర్ కొడుతుంది.

రెండోది, తప్పుకి పడే శిక్ష. హాట్సెన్‌బాహ్‌లో, అంటే అడవిలోకి దిగగానే, రైలింగ్‌కి తగిలి టైరు పోయిందంటే పిట్‌కి (కారు బాగుచేసుకునే చోటికి) ఇంకా 20 కిలోమీటర్లు. 80లో పాక్కుంటూ వచ్చినా 15 నిమిషాలు. ఐరేసింగ్ లాంటి సిమ్‌లో (రేసింగ్ గేమ్‌లో) టో తీసుకోవచ్చు, అంటే కారుని నేరుగా పిట్‌కి చేర్పించుకోవచ్చు, కానీ అక్కడ కూడా పిట్‌కి ఎంత దూరంలో ఆగిపోతే అంత సేపు నిలబెడతారు. గంట రేసులో ఇక వాడి కథ అయిపోయినట్టే.

క్వాలిఫయింగ్ ఇంకా దారుణం. 20 నిమిషాల్లో ఔట్‌ల్యాప్ (పిట్ నుంచి బయటికొచ్చే, టైమ్ లెక్కలోకి రాని ల్యాప్) పోగా టైమ్ వచ్చేది ఒకే ఒక్క ల్యాప్. ఆ ఒక్కటీ పాడైతే వేగంగా వెళ్లేవాడు గ్రిడ్‌లో చివర నిలబడతాడు, ఇక మొదటి ల్యాప్‌లో వాడే బాంబు. కనీసం 35-40 నిమిషాలు ఇవ్వండి, ఎవరి సెషన్ వాళ్లదే అయ్యేలా పెట్టగలిగితే ఇంకా మంచిది.

ఇప్పుడు ఇరుకు. జీటీ3 కారు వెడల్పు సుమారు 2 మీటర్లు. పక్కపక్కన రెండు పడితే 4, మధ్యలో కాస్త సందు, లెక్క ప్రకారం సరిపోతుంది. కానీ నార్డ్‌ష్లైఫలో రేసింగ్ లైన్ అంటే ఈ అంచు నుంచి ఆ అంచు దాకా. లైన్ వదిలిన కారుకి తర్వాతి మలుపు కూడా పోతుంది, ఎందుకంటే హాట్సెన్‌బాహ్ లాంటి చోట మలుపులు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. అందుకే దాటేయడం అన్నచోటా కుదరదు. డాటింగర్ హోహె పొడవు స్ట్రెయిట్‌లో స్లిప్‌స్ట్రీమ్ (ముందు కారు వెనక గాలి అడ్డు తక్కువుండే చోటు) పట్టి వెళ్లొచ్చు, అది అందరికీ తెలిసిందే. ష్వేడెన్‌క్రాయిట్స్ దిగి ఆరెంబర్గ్ బ్రేకింగ్‌లో గుండె ఉంటే ప్రయత్నించొచ్చు. కెసెల్‌షెన్ ఎక్కుడులో, బెర్గ్‌వెర్క్ నుంచి ఎవడు బాగా బయటపడ్డాడన్నదాన్ని బట్టి ఛాన్స్ వస్తుంది. విప్పర్‌మన్ దగ్గర, ఫ్లాంట్సెన్‌గార్టెన్ దగ్గర ముక్కు దూర్చినవాడికి పెనాల్టీ వేయడమే.

ఒక్క చోటు చెప్తాను, మీ డ్రైవర్లకి చూపించండి. ఫుక్స్‌రోరె. లోయలోకి ఫుల్ థ్రాటిల్‌లో దిగుతారు, అడుగున కారు నేలకి నొక్కుకుపోతుంది, స్టీరింగ్ ఒక్కసారిగా బరువెక్కుతుంది, వెంటనే ఎక్కుడు. ఆ ఎక్కుడు చివర ఆడెనావర్ ఫోర్స్ట్. బ్రేక్ వేయాల్సిన చోట నుంచి మలుపు కనిపించదు. అక్కడ తిన్నగా గడ్డిలోకి వెళ్లనివాడు లేడు. వెళ్లినవాడు తిరిగి ట్రాక్ మీదికి వచ్చే జాగా సరిగ్గా వెనకవాళ్ల లైన్ మీదే ఉంటుంది. మొదటి ల్యాప్‌లో 20 కార్లు గుంపుగా అక్కడికి చేరితే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

డర్టీఎయిర్:

నేను వద్దనే చెప్తాను. పైన అన్న రాసిందంతా నిజమే, కానీ ఒక ముఖ్యమైన విషయం వదిలేశాడు: ఇది ఆన్‌లైన్. గంటకి 250 అంటే సెకనుకి దాదాపు 70 మీటర్లు. నీ స్క్రీన్ మీద కనిపించే పక్క కారు నిజంగా అక్కడున్నది కాదు, అక్కడ ఉండొచ్చని నీ కంప్యూటర్ వేసిన అంచనా. కనెక్షన్‌లో 100 మిల్లీసెకన్లు అటూఇటూ అయితే 7 మీటర్ల తేడా. వెడల్పాటి ట్రాక్ మీద ఆ తేడా తెలియకుండా పోతుంది, ఎందుకంటే నువ్వు ఒక కారంత జాగా వదిలే పక్కన నడుపుతావు. ఇక్కడ వదలడానికి జాగా ఏది? డాటింగర్ హోహె మీద బంపర్‌కి బంపర్ ఆనించి పోయేటప్పుడు ముందు కారు ఒక్క క్షణం జెర్క్ అయిందంటే, నువ్వు తాకకపోయినా తాకినట్టే లెక్క, ఇద్దరూ రైలింగ్‌లో.

ఇంకోటి. నిజం రేసులో జెండాలు పట్టుకుని మార్షల్స్ ఉంటారు. ఈ ట్రాక్ మీద జరిగే 24 గంటల రేసులో ప్రమాదం జరిగితే ఆ భాగం వరకూ కోడ్ 60 పెడతారు, అక్కడ ఎంత పెద్ద డ్రైవరైనా 60కి దిగాల్సిందే. మన లాబీల్లో (ఆన్‌లైన్ రేసు గదుల్లో) మామూలుగా అలాంటిదేమీ ఉండదు. ఎల్లో ఫ్లాగ్ వెలుగుతుంది, సరే, కానీ ఏ గుట్ట వెనక ఎవడు అడ్డంగా పడున్నాడో చెప్పదు. స్పాటర్ (చుట్టుపక్కల కార్ల గురించి చెవిలో చెప్పే గొంతు) అరిచేలోపే నువ్వు వాడి డోర్‌లో ఉంటావు.

చివరి రౌండ్ అంటున్నారు పైగా. టైటిల్ తేలే రేసుని లాటరీ చేయకండి. కష్టమైన, ఇరుకైన, పాత పద్ధతి ట్రాకే కావాలంటే ఆస్ట్రేలియాలోని బాథర్స్ట్ పెట్టండి. 6.213 కిలోమీటర్లు, కొండ మీద గోడల మధ్య నరాలు తెగే టెన్షన్, కింద దాటేయడానికి రెండు పెద్ద స్ట్రెయిట్‌లు. తప్పు చేస్తే గోడే గానీ రెండు నిమిషాల్లో పిట్‌లో ఉంటావు. మకావు వీధి ట్రాక్ మాత్రం వద్దు, మెల్కో హెయిర్‌పిన్‌లో ఒక్కడు ఆగితే అందరూ ఆగాల్సిందే.

లాస్ట్‌ల్యాప్:

బాథర్స్ట్‌లో రెండు నిమిషాల్లో పిట్‌కి వస్తావు, నిజమే, అందుకే అక్కడ ఎవడికీ భయం ఉండదు, ప్రతి ల్యాప్‌లో కొండ మీద గుద్దుకున్న కార్లు ఒక గుట్టగా పోగవుతాయి 😀 నార్డ్‌ష్లైఫలో నేను చూసింది రివర్స్. పోతే అంతా పోతుందని తెలుసు కాబట్టి జనం ఒళ్లు దగ్గర పెట్టుకుని నడుపుతారు. ఐరేసింగ్‌లో సేఫ్టీ రేటింగ్ (ఎంత జాగ్రత్తగా నడుపుతావో చూపే మార్కు) పెంచుకోవడానికి చాలామంది అక్కడికి వెళ్లేది కూడా అందుకే, రేటింగ్ లెక్క ఎన్ని కార్నర్లకి ఎన్ని ఇన్సిడెంట్లు (గుద్దుకోవడం, అడ్డం తిరగడం లాంటివి) అన్నదాని మీద ఉంటుంది, కార్నర్లకి ఇక్కడ కొదవా?

బ్రేక్‌పాయింట్:

డర్టీఎయిర్ గారు చెప్పిన ల్యాగ్ (కనెక్షన్ ఆలస్యం) సంగతితో నాకు పేచీ లేదు. కానీ దాని నుంచి తేలేది "గుంపుగా వదలొద్దు" అని, "ట్రాక్ వద్దు" అని కాదు. నిజం రేసులు నడిపేవాళ్లకి కూడా ఇదే తలనొప్పి, పైగా వాళ్ల దగ్గర వంద దాటి కార్లు ఉంటాయి. వాళ్లేం చేస్తున్నారో చూసి తెచ్చుకుంటే సగం పని అయిపోతుంది.

ఒకటి, స్టార్ట్. 24 గంటల రేసులో అందర్నీ ఒకేసారి వదలరు. మూడు గుంపులు చేసి, మధ్యలో గ్యాప్ ఇచ్చి, రోలింగ్ స్టార్ట్‌తో (ఆగి ఉండి కాకుండా, కదులుతూనే) పంపుతారు. మీ 22 మందిని రెండు గుంపులు చేయండి. మీ సిమ్‌లో ఆ ఆప్షన్ లేకపోతే ఫార్మేషన్ ల్యాప్‌లో (రేసుకి ముందు వరసగా తిరిగే ల్యాప్‌లో) రెండో గుంపు లీడర్ వేగం తగ్గించి ఒక నిమిషం గ్యాప్ వదిలి రావాలి, అంతే. ఆడెనావర్ ఫోర్స్ట్‌కి 20 బదులు 11 కార్లు చేరతాయి, వాటిలోనూ ఒకే పేస్ ఉన్నవాళ్లు ఒకచోట ఉంటారు. రెండో గుంపు వాళ్లు "మాకు అన్యాయం" అంటారు. అననివ్వండి, క్వాలిఫయింగ్‌లో వెళ్లాల్సింది.

రెండోది ఇంకా ముఖ్యం: పర్మిట్. నార్డ్‌ష్లైఫ మీద రేస్ చేయాలంటే మామూలు రేసింగ్ లైసెన్స్ చాలదు, దానికంటూ వేరే పర్మిట్ ఉంటుంది, తక్కువ పవర్ కార్లతో మొదలుపెట్టి పైకి రావాలి. ఇందులో ఎవరికీ మినహాయింపు లేదు. నాలుగుసార్లు ఫార్ములా 1 ఛాంపియన్ అయిన మాక్స్ వెర్స్టాపెన్ 2025 సెప్టెంబర్‌లో ముందు పోర్షె కేమన్ జీటీ4 నడిపి పర్మిట్ తెచ్చుకున్నాకే ఫెరారీ 296 జీటీ3 ఎక్కాడు, ఎక్కి అదే నెలలో అక్కడి ఎన్‌ఎల్‌ఎస్ (నార్డ్‌ష్లైఫ మీద జరిగే రేసుల సిరీస్) రేసు గెలిచాడు. అప్పుడు అతనితో కారు పంచుకున్న క్రిస్ లల్హామ్ సిమ్ రేసింగ్ నుంచి వచ్చినవాడే. ఈ ట్రాక్ ఆన్‌లైన్ వాళ్లకి కాదనేవాళ్లకి ఇంతకంటే జవాబేముంది?

మీరూ అదే పెట్టండి. రేసుకి ముందు వారంలో ప్రాక్టీస్ సర్వర్‌లో వరసగా మూడు ల్యాపులు, ఇన్సిడెంట్ లేకుండా, ఎంత మెల్లగానైనా సరే. అది చూపించినవాడికే ఎంట్రీ. టైమ్ లిమిట్ పెట్టొద్దు, పెడితే దాన్ని అందుకోవడానికే గుద్దుకుంటారు. వరసగా మూడు అంటే దాదాపు అరగంట ఏకాగ్రత. అరగంట నిలబడలేనివాడు గంట రేసులో ఎలాగూ నిలబడడు.

గేర్‌లివర్:

పర్మిట్ ఐడియా అదిరింది. మా గ్రూపులో పెట్టగానే ముగ్గురు "నాకు టైమ్ లేదు" అన్నారు, సరిగ్గా నేను భయపడే ముగ్గురే 😅

రెండు ప్రశ్నలు. ఒత్త నార్డ్‌ష్లైఫా, జీపీ ట్రాక్ కలిపిన 24 గంటల లేఅవుటా? ఇంకోటి, జీటీ3 బదులు ఇంకేదైనా చిన్న కారు పెడితే ఇరుకు సమస్య తగ్గుతుందా?

ఎండ్యూరెన్స్‌పిచ్చి:

లేఅవుట్ మీ సిమ్‌ని బట్టి. అసెట్టో కోర్సా కాంపిటీజియోనె అయితే 2024లో వచ్చిన 24 గంటల లేఅవుటే ఉంటుంది, ఆలోచించే పనే లేదు. రెండూ ఉన్న సిమ్ అయితే నేను కలిపిందే తీసుకోమంటాను. మొదటి కొన్ని మలుపులు జీపీ ట్రాక్ మీద వెడల్పుగా ఉంటాయి కాబట్టి స్టార్ట్‌లో కొట్టుకునేదేదో అక్కడే కొట్టుకుని, అడవిలోకి దిగేసరికి వరసలోకి వస్తారు. పిట్ కూడా పెద్దది. ఒత్త నార్డ్‌ష్లైఫ అయితే గ్రిడ్ నుంచి బయల్దేరి ఊపిరి పీల్చుకునేలోపే హాట్సెన్‌బాహ్‌లో ఉంటారు, గేరు కుదురుకోకముందే గొడవ మొదలు.

కారు సంగతి. జీటీ4 (జీటీ3 కంటే తక్కువ పవర్ ఉండే రేసు కారు) పెడితే ల్యాప్ ఇంకాస్త పెరుగుతుంది గానీ రేసు బాగుంటుంది. డౌన్‌ఫోర్స్ (కారుని నేలకి నొక్కే గాలి బలం) తక్కువ కాబట్టి వెనక అంటిపెట్టుకుని వెళ్లినా ముందు గ్రిప్ పోదు, స్లిప్‌స్ట్రీమ్ బాగా పనిచేస్తుంది, మలుపుల్లో వేగం తక్కువ కాబట్టి ఎదురుగా ఏం జరుగుతోందో అర్థం చేసుకోడానికి అర సెకను దొరుకుతుంది. ఈ ట్రాక్ మీద ఆ అర సెకనే ప్రాణం. మాజ్దా ఎంఎక్స్-5 అయితే ఇంకా సరదా, వెడల్పు 1.73 మీటర్లు, మూడు కార్లు పక్కపక్కన పోయినా పోతాయి, కానీ కెసెల్‌షెన్ ఎక్కుడు ఎక్కేసరికి తెల్లారుతుంది. సీజనంతా జీటీ3తో నడిపి చివర్లో కారు మార్చడం బాగోదనుకుంటే జీటీ3నే ఉంచండి, మిగతా జాగ్రత్తలు తీసుకోండి.

రెండు క్లాసులు (వేరువేరు వేగాల కార్లు) ఒకే రేసులో కలపాలని మాత్రం ఎవరైనా అడిగితే ఒప్పుకోవద్దు. నిజం రేసుల్లో అందమంతా దానిలోనే ఉంది, నిజమే, కానీ దాటించుకోవడం కూడా ఒక విద్య, మెల్లగా వెళ్లేవాడు తన లైన్‌లో తాను స్థిరంగా ఉండాలి, మర్యాద కోసం పక్కకి జరిగితేనే ప్రమాదం. అది కొత్తవాళ్లకి ఒక్క రేసులో రాదు.

ప్రాక్టీస్ ఎలా చేయాలని ఎవరైనా అడిగితే: మొత్తం ల్యాప్ తిరుగుతూ నేర్చుకోవడం దండగ, ఒక మలుపులో తప్పు చేస్తే మళ్లీ అక్కడికి రావడానికి 8 నిమిషాలు. ముక్కలు చేసుకోవాలి. హాట్సెన్‌బాహ్ నుంచి ఆరెంబర్గ్, ఫుక్స్‌రోరె నుంచి బ్రైడ్‌షైడ్, బెర్గ్‌వెర్క్ నుంచి కారుసెల్, హోహె ఆఖ్ట్ నుంచి గాల్గెన్‌కోఫ్. ఒక్కో రోజు ఒక్కో ముక్క. పేర్లతో సహా గుర్తుపెట్టుకోమనండి. రేసులో వాయిస్ చాట్‌లో "విప్పర్‌మన్‌లో అడ్డంగా ఉన్నా, కుడి పక్క" అని ఒకడు చెబితే, ఆ పేరు ఎక్కడుందో వెనకాలవాళ్లకి తట్టాలి కదా. డర్టీఎయిర్ అడిగిన మార్షల్ లోటు చాలావరకు దీంతోనే తీరుతుంది.

డర్టీఎయిర్:

సరే, వాయిస్ చాట్ రూల్ పెడితే నా అభ్యంతరం సగం తగ్గింది. కానీ స్పిన్ అయినవాడు ఏం చేయాలో కూడా ముందే రాసిపెట్టండి. బ్రేక్ నొక్కి పట్టుకుని కదలకుండా ఉండాలి, అంతే. చాలామంది కంగారులో రివర్స్ వేసి ట్రాక్‌కి అడ్డంగా వస్తారు, ఆగిన కారుని తప్పించొచ్చు గానీ కదిలే కారుని ఎవడూ తప్పించలేడు. గ్యారేజీకి వెళ్లిపోతే కారు మాయమవుతుంది కదా, డ్యామేజ్ ఎక్కువైతే ఆ బటనే నొక్కమనండి, హీరోలా ఈడ్చుకురావొద్దు.

చివరి రౌండ్‌గా వద్దన్న మాట మీద మాత్రం నేను ఇంకా ఉన్నాను.

గేర్‌లివర్:

ఆ మాట మా వాళ్లు కూడా ఒప్పుకున్నారు. చివరి దానికి ముందు రౌండ్‌గా మార్చాం, సీజన్‌లో ఒక చెత్త రిజల్ట్ వదిలేసుకునే వెసులుబాటు ఎలాగూ ఉంది. 24 గంటల లేఅవుట్, జీటీ3, రెండు గుంపుల రోలింగ్ స్టార్ట్, మూడు ల్యాపుల పర్మిట్, 40 నిమిషాల క్వాలిఫయింగ్. రేసు గంట నుంచి 75 నిమిషాలకి పెంచాం, పిట్ స్టాప్ కూడా ఉంటే స్ట్రాటజీకి కాస్త చోటుంటుందని.

లాస్ట్‌ల్యాప్:

నిమిషాల్లో పెట్టొద్దు బ్రో, ల్యాపుల్లో పెట్టు. 75 నిమిషాల టైమర్‌లో పది సెకన్లు మిగిలుండగా లీడర్ లైన్ దాటాడనుకో, ఇంకో 25 కిలోమీటర్లు తిరగాలి. ఫ్యూయెల్ లెక్క తప్పినోళ్లంతా డాటింగర్ హోహె మీద వరసగా ఆగిపోతారు. తొమ్మిది ల్యాపులు అని రాసెయ్, దాదాపు అదే టైమ్ పడుతుంది, ఎవడి ట్యాంక్ లెక్క వాడికి ముందే తెలుస్తుంది.